నాకేమీ కాని మనిషి

శ్రావణ బహుళ తదియ

ఈ రోజు నా మీద మూడో ఫిర్యాదు వచ్చింది. వంటింటి తలుపు మూసుకుపోకుండా చెప్పు అడ్డం పెట్టి పప్పులో తాలింపు వేస్తుంటే వీధి గంట మోగింది. మా లోనూరులో ఏ తలుపైనా తెరిచి వదిలేస్తే గంట మోగుతుంది. మోగాలి కూడా. మా నెత్తి మీద సముద్రం ఉంది. ఎక్కడైనా చిల్లు పడితే ఆ ఒక్క గదితో పోవాలి గాని ఊరంతా మునగకూడదని తాతల నాడు పెట్టిన నియమం. దాన్ని నేను తప్పుపట్టను. ఆ తలుపుల రబ్బరు పట్టీలు తుడిచి, నూనె రాసి, పగిలినవాటిని మార్చే పని నాదే. ఊరందరి తలుపులూ బిగుతుగా మూసుకునేలా చూసే నూకరత్నం తన తలుపు మూసుకోలేకపోతోందంటే నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఊపిరి సరిగ్గా ఆడితే నేనూ నవ్వేదాన్నే.

తలుపు మూసుకున్న చప్పుడు వింటే చాలు, నా గుండె గొంతులోకి వస్తుంది. చేతులు చల్లబడతాయి. జ్యేష్ఠంలో మూడో వీధి మునిగి మా మరిది పోలిరాజు పోయినప్పటి నుంచీ ఇంతే.

వార్డు కార్యదర్శి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మంచివాడే. చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే గోడకేసి చూస్తూ చెబుతాడు.

"రత్నమ్మా, కార్తీకంలో బిగింపుంటాది. పైన తుపాను తగ్గీవరకూ ఎవుల గదిలో ఆలు తలుపులేసుకొని ఉండాల. ఉండగలవేటి?"

నేను తాలింపు మాడకుండా చూసుకుంటున్నట్టు నటించాను.

"ఉండనేకపోతే ఆశ్వీజం పున్నమి పడవలో నిన్ను మెట్టకి పంపించీమన్నారు పెద్దలు. నా మీద కోపం ఎట్టుకోకు."

మెట్ట అంటే కొండల మీది శిబిరం. అక్కడికి వెళ్ళినవాళ్ళ గది ఇక్కడ మరొకరికి ఇచ్చేస్తారు, తిరిగి రావడమన్నది లేదు. మా ఆయన తాతారావు నాచు కోసే మనిషి. నీళ్ళు లేని చోట అతనికి పని లేదు. అత్త సన్యాసమ్మ అయితే కొడుకు పోయిన చోటు విడిచి కాలు కదపనంటుంది. కాబట్టి వెళితే నేనొక్కదాన్నే వెళ్ళాలి. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనుషుల్ని వదిలి, ఎండలో, చుట్టూ గోడల్లేని చోట ఎవరెవరి మధ్యో బతకాలి. నాకు ఇష్టం లేదు. ఎంత ఇష్టం లేదో ఈ పూట తెలిసింది.

పోతూ పోతూ కార్యదర్శి ఈ పలక చేతిలో పెట్టాడు. మనసు వైద్యుణ్ణి ఎంచుకునే పద్ధతి ఇందులో ఉంది. ఎవరినైనా ఎంచుకోవచ్చు. రెండు మూడు సిట్టింగులు చూసి తేల్చుకోవాలి. ప్రతిసారీ ఏమనిపించిందో రాసుకోవాలి. నచ్చకపోతే మొహమాటపడకుండా మార్చుకోవాలి. ఆ మొహమాటం మాట రాసినవాడు మావైపువాడై ఉండడు.

శ్రావణ బహుళ సప్తమి

వైద్యుణ్ణి చూడ్డానికి ఒక్కదాన్నే వెళదామనుకున్నాను. అత్త అప్పటికే గంజిపెట్టిన చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. చేతిలో తాంబూలం పళ్ళెమొకటే తక్కువ.

"మంచోడో కాడో సూడకుండా నీ మనసు తీసికెల్లి ఎవుడి సేతిలోనో ఎట్టీత్తావేటి? నాను కూడా వత్తాను" అంది.

ఊళ్ళో ఉండే మనసు వైద్యుడు ఒక్కరే, గున్నేశ్వరరావు గారు. పెద్దాయన, నెమ్మదస్తుడు. మేము కూర్చోగానే ఆయన నా పేరడిగారు. అత్త ఆయన్ని అంతకంటే చాలా అడిగింది. పైన ఉన్నప్పుడు మీదే ఊరు, ఇంటిపేరేమిటి, తల్లిగారిది ఎక్కడ, ఆమె అక్కచెల్లెళ్ళను ఎవరికిచ్చారు. ఆయన కూడా ఈ నీళ్ళు తాగినవాడే కదా, అడిగినవాటికి హుషారుగా జవాబు చెప్పారు. తీగ లాగితే డొంకంతా కదిలింది. వాళ్ళ పెద్దమ్మను చేసుకున్నది సాక్షాత్తూ మా అత్త మేనమామట.

"అయితే నాకు మరిదివి కావేటి నువ్వు!" అని అత్త ఆయన చేతులు పట్టుకుంది. ఇద్దరికీ కళ్ళు చెమర్చాయి. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

అత్తకు మరిది వరస అయితే నాకు మామ వరస. మావైపు కోడలు మామ ఎదుట కుర్చీలో కూర్చోదు. మిగిలిన సిట్టింగంతా గోడకు ఆనుకుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, అడిగినదానికి "ఊ" అంటూ గడిపాను. పేరుకు సిట్టింగు. ఏమనిపించిందో రాయమన్నారు కదా. కాళ్ళు నొప్పి పుట్టాయి.

శ్రావణ బహుళ ద్వాదశి

ఈసారి అత్తను రానివ్వకుండా ఒక్కదాన్నే వెళ్ళాను. అయినా వరస వరసే. ఆయన "కూకో అమ్మా" అన్నారు, నేను "పరవానేదు మావా" అన్నాను. పోలిరాజు సంగతి ఎత్తారు. మొన్నటిదాకా ఆయనకు పోలిరాజు మునకలో పోయిన ఒక పేరు. ఇప్పుడు అన్న కొడుకు. "మన పోలిగాడు ఎలాటోడో సెప్పమ్మా" అన్నారు. వాడు ఈల వేస్తూ నాచు మోసుకొచ్చేవాడనీ, వాడి ఈల వినిపిస్తే నేను పొయ్యి మీద అన్నం పెట్టేదాన్ననీ చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి ఏడవడం మొదలుపెట్టారు. నేను మంచినీళ్ళు తెచ్చిచ్చి ఓదార్చాను. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది నా పని.

ఆయన మంచివాడు, అందులో సందేహం లేదు. నేను చెప్పింది ఎవరికీ చేరవేయడని కూడా నమ్ముతాను. కానీ నా లోపల ఉన్నది ఆయనకు చెబితే మామగారికి చెప్పినట్టే. అది మా ఇంట్లో ఎవరికీ తెలియకూడని సంగతి. అందుకే కదా నాకు వైద్యుడు కావలసి వచ్చింది.

గుమ్మం దాకా వచ్చి, వెనక్కి తిరిగి చెప్పాను. "మావా, మీరు మాకు బాగా అయినోలయిపోయారు."

ఆయనే తేలికపడ్డట్టు కనిపించారు. "ఆ రోజే నాను నోరు కట్టుకోవాల్సిందమ్మా. సుట్టాలకి వైద్యం సేయకూడదు. వదిన అడిగితే ఉత్సాహం ఆగనేదు. ఇంకోలని సూసుకో, నాకేటీ కోపం లేదు" అన్నారు. సాయంత్రం చేపల పులుసు తినడానికి మా ఇంటికి వచ్చారు. ఇక ప్రతి పండక్కీ వస్తారు.

భాద్రపద శుద్ధ పంచమి

యంత్రం దగ్గరికి వెళ్ళాను. దాని పేరు ఊరట. ఆసుపత్రి చివరి గదిలో ఉంటుంది. ముఖం లేదు, గొంతు మాత్రం ఉంది, మెత్తని ఆడగొంతు. మొదట అది నాతో అన్న మాట, "తలుపు పూర్తిగా మూయండి."

తలుపు మూసుకోలేకే వచ్చానని చెప్పాను. "మీ బాధ నాకు అర్థమవుతోంది. మీ మాటలు బయటికి వినపడకూడదు కనుక తలుపు పూర్తిగా మూయండి" అంది. చెప్పు అడ్డం పెట్టి, దాని మీద చీరకొంగు కప్పాను. అది పసిగట్టింది. కాసేపు వాదించుకున్నాం. చివరికి పనివాళ్ళు లేని వేళ వస్తే, వరండాలో ఎవరూ లేకపోతే, తలుపు బెత్తెడు తెరిచి ఉంచడానికి ఒప్పుకుంది. బేరం కుదిర్చినందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

భాద్రపద శుద్ధ ఏకాదశి

యంత్రానికి ఓపిక ఎక్కువ. విసుగు లేదు, తొందర లేదు, ముఖం చిట్లించడం లేదు. అయినా నాకు దాంతో కుదరదు. ఎందుకో రాస్తాను.

తలుపంటే ఎందుకు భయమని అడిగింది. అసలు సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "నీళ్ళంటే భయం" అన్నాను. పచ్చి అబద్ధం. నేను నీళ్ళలో పుట్టినదాన్ని. అది వెంటనే నమ్మేసి, "మీ బాధ నాకు అర్థమవుతోంది" అని, నీళ్ళ భయం పోవడానికి బోలెడు అభ్యాసాలు చెప్పింది. గిన్నెలో నీళ్ళు పోసి చూస్తూ కూర్చోవాలట. నేను నిజంగానే నాలుగు రోజులు గిన్నె ముందు కూర్చున్నాను. తాతారావు వచ్చి, "ఏటే, సేపలేత్తావా?" అన్నాడు.

తప్పు దానిది కాదు. అబద్ధం చెప్పినప్పుడు నా ముఖం చూసి "ఆగు" అనే మనిషి నాకు కావాలి.

నిన్న ఫోను తీగ మీద, మెట్టలో ఉండే డాక్టరొకరితో కూడా మాట్లాడాను. కుర్రవాడు, చాలా చదువుకున్నాడు. తన పద్ధతి ఎంత గొప్పదో చెబుతుండగానే సమయం అయిపోయింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. వైద్యుడే చెప్పేవాడైతే రోగి గతి అంతే.

భాద్రపద పున్నమి

ఈ రోజు పనిలో తప్పు చేశాను. గాలి నిలవ చేసే గదికి కొత్త రబ్బరు వేసి, తలుపు మూసి చూడాల్సిన చోట మూయకుండా "సరిపోయింది" అని చెప్పి వచ్చేశాను. మూస్తే నేను లోపల ఉండాలి. తర్వాత మనసొప్పక వెనక్కి వెళ్ళి కార్యదర్శికి చెప్పాను. వేరే మనిషి వచ్చి చూశాడు. పట్టీ ఒక మూల లేచి ఉంది.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ నా భయం నా ఒక్కదానిదే కాదని అర్థమైంది. పెద్దలు నన్ను మెట్టకు పంపుతామనడం కక్షతో కాదు.

అన్నం తింటున్నప్పుడు తాతారావు అన్నాడు, "నువ్వెల్తే నానూ వత్తాను. కొండమీద ఏదో కూలి సేసుకుంటాను." అత్త కంచం ముందు నుంచి లేచిపోయింది. ఇంట్లో ఇద్దరు కొడుకులుండేవారు ఆమెకు. ఒకడు పోయాడు, రెండోవాడిని నేను తీసుకుపోతున్నాను. నాకు అన్నం సహించలేదు.

భాద్రపద బహుళ పంచమి

తుపాన్ల కాలానికి మెట్ట నుంచి ఒక మనసు వైద్యురాలు దిగింది. పేరు జలజ. నిర్మల్ దగ్గరి ఊరి మనిషట. సముద్రం ఎలా ఉంటుందో ఈ ఏడే చూసిందట. పడవ దిగే మంటపంలోనే, సామాను మీద కూర్చుని, వాంతి ఆపుకుంటూ ఉంటే పలకరించాను. ఆ మంటపంలో తలుపులు దూరంగా ఉంటాయి, నేను పని లేనప్పుడు అక్కడే కూర్చుంటాను.

నా సంగతి విని, "మీకు తలుపంటే భయం, నాకు నీళ్ళంటే భయం. ఇద్దరం గీ ఊర్లనే పడ్డం" అంది. నాకు నవ్వొచ్చింది. చాలా రోజులకు.

గదిలోకి రమ్మనలేదు. "మీకు యాడ కూసుంటే ఊపిరి ఆడుతది?" అని అడిగింది. ఇక్కడేనన్నాను. "అయితే ఇయ్యాల ఇక్కడ్నే. నేను మీకు సరిపోతనా లేదా మీరు చూసుకోవాలె. అడగాల్సినయి అడుగుండ్రి" అంది.

వైద్యుల్ని అడగవచ్చని నాకు అప్పటిదాకా తోచలేదు. అడగడమంటే అత్త అడిగినట్టు అడగడమే అనుకున్నాను. పలక చూసుకుంటూ అడిగాను. నాలాంటివాళ్ళను ఇంతకుముందు చూశారా? చూశాను, కొందరికి నయమైంది, కొందరికి కాలేదు అంది. ఎలా చేస్తారు? భయపడే దాని దగ్గరికి మెల్లగా పోదాం, తలుపు పిడి మీ చేతిలోనే ఉంటుంది అంది. నేను చెప్పింది ఎవరికి చెబుతారు? మిమ్మల్ని మీరు చంపుకునేదాకా గాని, ఇంకొకరిని చంపేదాకా గాని వస్తే తప్ప ఎవరికీ చెప్పను అంది. కుదరకపోతే? నేనే ఇంకొకరిని చూపిస్తాను అంది. ఏ జవాబుకూ చుట్టూ తిరగలేదు.

లేచేటప్పుడు అలవాటు కొద్దీ "వస్తానక్కా" అన్నాను.

"అక్క అనకుండ్రి. పేరు పెట్టి పిలువుండ్రి."

ఆమె నాకంటే పదేళ్ళు పెద్దది. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలిస్తే మా ఇంట్లో నాలుక మీద వాత పెట్టేవారు. ఆ పేరు నా నోట రాలేదు. "అలాగేనండి" అని వచ్చేశాను.

భాద్రపద బహుళ ద్వాదశి

అత్త ఊరుకుంటుందా. పడవ నడిపేవాణ్ణి పట్టుకుని జలజ ఇంటిపేరు ఆరా తీసింది. దొరకలేదు. ఈ రోజు నాతో పాటు మంటపానికి వచ్చేసింది.

"అమ్మా, మీ ఇంటిపేరేటి?" అని మొదలుపెట్టింది.

జలజ లేచి నిలబడి దండం పెట్టింది. "పెద్దమనిషివి, అడిగినవు. కాని నేను చెప్పను. మీ కోడలికి నేనేం కాను. ఆమెకేం కాకుండ ఉండుడే నా పని."

ఏమీ కాని మనిషి అంటే మావైపు తిట్టు లాంటిది. వీధి కుక్కకు కూడా ఏదో ఒక వరస పెట్టి పిలుచుకునే ఊరు మాది. అత్త ముఖం ఎర్రబడింది. "రాయి మనిసి. దీనితో ఏటి సెప్పుకుంటావే నువ్వు?" అని విసవిసా వెళ్ళిపోయింది.

నాకు మాత్రం ఒంటి మీంచి తడి బట్ట తీసేసినట్టుంది. నేను ఏం చెప్పినా ఈ మనిషికి అన్న కొడుకు చావడు, మరిది చావడు. కూర్చుని ఏడవదు. పండక్కి రాదు. నేను కుర్చీ మంటపం చివరనున్న ఆమె గది వైపు కాస్త జరుపుకున్నాను.

ఆశ్వయుజ శుద్ధ చవితి

ఇప్పటికి గది లోపల కూర్చోగలుగుతున్నాను. తలుపు నా పక్కనే, పిడి నా చేతిలోనే. ప్రతిసారీ కొంచెం దగ్గరికి లాగుతాను. చాలనిపిస్తే ఆపేస్తాను. ఆమె "ఇంకొంచెం" అనదు. ఈ రోజు వేలెడు సందు మిగిలింది. ఎందుకంటే ఈ రోజు చెప్పేశాను.

మొదట నీళ్ళంటే భయం అన్నాను. ఆమె నా ముఖం చూసి, "నీళ్ళు కాదు" అంది. అంతే అంది.

అప్పుడు చెప్పాను. మూడో వీధి మునిగినప్పుడు నేను ఆ తలుపుకు ఇవతల ఉన్నాను. ఆ పట్టీ నేనే వేశాను, బాగా వేశాను, చుక్క నీరు ఇటు రాలేదు. అవతల నీళ్ళుంటే ఆ తలుపు ఎవరు తెరిచినా తెరుచుకోదు. అవతలి నుంచి పోలిరాజు కొట్టాడు. పిలిచాడు. నేను తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఆ తర్వాత వచ్చిన అధికారులు, వీధి క్షణంలో నిండింది, పోయినవాళ్ళకు ఏమీ తెలిసి ఉండదని చెప్పారు. మా అత్త ఆ మాట పట్టుకుని బతుకుతోంది. పరామర్శకు వచ్చిన ప్రతి మనిషికీ "తెలీకుండా పోయాడు నా కొడుకు" అని చెబుతుంది. నేను పక్కనే ఉండి మంచినీళ్ళు ఇస్తుంటాను.

జలజ ఏడవలేదు. మీ తప్పేం లేదని కూడా అనలేదు. అది నాకు తెలుసని ఆమెకు తెలుసు.

"అందరి కోసం ఒక్కదానివే మోస్తున్నవు" అంది. మొదటిసారి నువ్వు అంది.

"అవును, జలజా" అన్నాను. పేరు దానంతట అదే వచ్చింది.

ఆశ్వయుజ శుద్ధ దశమి

నాచు పచ్చడికి మిరపకాయల తొడిమలు తీస్తుంటే అత్త వచ్చి ఎదురుగా కూర్చుంది. ఈ మధ్య నేను వంటింటి తలుపుకు చెప్పు పెట్టడం లేదు, గుడ్డ ముక్క పెడుతున్నాను. అది చూస్తూ అంది.

"ఆ రాయి మనిసి... నన్ను కూడా సూత్తాదేటి?"

జలజ మొదటి రోజే చెప్పింది, ఒక ఇంట్లోంచి ఇద్దర్ని చూడదు, అది వాళ్ళ కట్టుబాటు. అత్త వెళితే నేను మానుకోవాలి. పున్నమి ఎదురుగా ఉంది. మా ఇంట్లో పెద్దవాళ్ళు అడిగితే ఇచ్చేయడమే తెలుసు, చేప తలకాయ అయినా, కిటికీ పక్క చోటైనా. ఆమె ఎన్నడూ లేనిది నన్ను అడుగుతోంది. అందులోనూ కొడుకును పోగొట్టుకున్న మనిషి.

"అత్తా, ఆమెని నాను వదలను" అన్నాను. "వదిల్తే మెట్టకి పోతాను. నీకు కావాలంటే వేరే ఎవులైనా సూద్దాం. నాను తోడొత్తాను."

అత్త ఒక మిరపకాయ తీసుకుని తొడిమ తుంచింది. ఇల్లు రెండవుతుందేమో అనుకున్నాను. చివరికి, "అయితే ఆ మావ వద్దు. ఆడు నాకంటే ఎక్కువేడుత్తాడు" అంది.

ఆశ్వయుజ శుద్ధ త్రయోదశి

అత్తను యంత్రం దగ్గరికి తీసుకెళ్ళాను. వేరే దారి లేక. అత్త లోపలికి పోతూనే, "నీదే ఊరమ్మా?" అంది. "నాకు ఊరు లేదండి" అంది యంత్రం. "ఇంటిపేరు?" "లేదండి." "అమ్మా బాబూ?" "లేరండి."

"ఓలమ్మో, పాపం!" అంది అత్త. ఆ జాలితోనే కూర్చుని, చీర సర్దుకుని, పోలిరాజు పుట్టినప్పటి నుంచి మొదలుపెట్టింది. నేను బయటికి వచ్చి తలుపు మూశాను. మూసింది నేనేనని కాసేపటికి గాని గమనించలేదు. లోపల కాదు కదా, బయటే. అయినా రాసుకుంటున్నాను.

ఆమె వచ్చేసరికి కళ్ళు ఉబ్బి ఉన్నాయి, ముఖం తేటగా ఉంది. "ఎన్నిసార్లు సెప్పినా ఇనిపెడతాదే అది. మీకయితే నాను నోరు తెరిత్తే ఇసుగు" అంది. నిజమే. పోలిరాజు పుట్టినప్పుడు కురిసిన వాన గురించి మేము వినడం మానేసి చాలా రోజులైంది. నాకు పనికిరాని ఓపిక ఆమెకు మందయింది. రేపటి నుంచి రోజూ వెళతానంటోంది.

ఆశ్వయుజ పున్నమి

కార్యదర్శి పరీక్షకు వచ్చాడు. వంటింట్లో తలుపు మూసుకుని అన్నం వండమన్నాడు. మూశాను. జలజ చెప్పినట్టు పిడి మీద చెయ్యి వేసి, అది ఎప్పుడైనా తిరుగుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. జాకెట్టు చెమటతో తడిసిపోయింది. మధ్యలో ఒకసారి పోలిరాజు గొంతు వినిపించినట్టయింది. తలుపు తీయలేదు. ఉన్నాను. అన్నం అడుగంటింది. కార్యదర్శి ఆ మాడిన అన్నమే రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. పడవ నేను లేకుండా వెళ్ళింది.

కార్తీక శుద్ధ అష్టమి

బిగింపు. నిన్నటి నుంచి ఊరి తలుపులన్నీ బిగించారు. పైన తుపాను మా గోడలను కూడా సన్నగా వణికిస్తోంది. ఒకే గదిలో ముగ్గురం. తాతారావు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అత్త, నేను మధ్యాహ్నం చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చున్నాం. నాకు భయంగానే ఉంది. భయపడుతూనే పని చేసుకోవడం వచ్చింది, అంతే తేడా.

అత్త కాయ వలుస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఓలే రత్నం. ఆడు తలుపు కొట్టినాడు కదే?"

నేను వలుస్తున్న కాయ పక్కన పెట్టాను.

"తలుపవతల ఏటీ లేకపోతే మనిసి తలుపుకి బయపడదే. నాను పిచ్చిదాన్నేటి? ఆ మిసనుకి సెప్పినాను. అడగాలనుంటే అడగండి, అడక్కపోయినా పరవానేదు అంది. దానికెప్పుడూ ఎటూ తేల్చడం రాదు. నాకే తేలింది. సెప్పు."

లేదని చెప్పొచ్చు. ఇన్ని నెలలుగా చెబుతున్నదే. మూసిన గదిలో, వెళ్ళడానికి ఎక్కడా చోటు లేని చోట, ఆమె ముఖం చూశాను.

"కొట్టినాడత్తా."

"నన్ను పిలిసినాడా?"

ఇది నేను జలజకు కూడా చెప్పలేదు. ఆమె అడగలేదు. కన్నతల్లికి ఏం చెప్పాలి? అమ్మా అన్నాడని చెబితే సంతోషిస్తుందా, కుమిలిపోతుందా? ఆలోచించి చెప్పే శక్తి లేక ఉన్నదే చెప్పాను.

"నేదత్తా. నన్ను పిలిసినాడు. వదినా అన్నాడు. నానక్కడే పట్టీలు సూత్తానని ఆడికి తెలుసు."

"నువ్వేటన్నావు?"

"ఇక్కడే ఉన్నానురా పోలీ అన్నాను. తలుపు మీద సెయ్యేసి కొట్టినాను, ఆడికి తెలీడానికి."

"ఇన్నాడా?"

"ఇన్నాడు. ఆడూ మెల్లగా తట్టినాడు. మరి గట్టిగా కొట్టనేదు. నీల్లు నిండీవరకూ అలాగే మెల్లగా తడతానే ఉన్నాడు. నాను సెయ్యి తీయనేదు."

అత్త ఒళ్ళోని చిక్కుడుకాయలు కింద పడ్డాయి. నా కుడిచెయ్యి లాక్కుని, అరచెయ్యి పైకి తిప్పి, దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. గోడ వైపు పడుకున్న తాతారావు లేచి కూర్చున్నాడు. అతను నిద్రపోవడం లేదని అప్పుడు తెలిసింది.

"అయితే ఒంటిగా పోనేదు నా కొడుకు" అంది అత్త. "తెలీకుండా పోయాడంటే సాలనుకున్నాను గానీ, తెలీకుండానైనా ఆడొక్కడే కదా పోయాడని రోజూ సచ్చీదాన్నే. నువ్వున్నావు. ఆడికి తెలుసు."

నేను ఏడ్చాను. జ్యేష్ఠం తర్వాత ఇంట్లో అందరి ముందూ ఏడవడం ఇదే.

అత్త నా చెయ్యి వదలలేదు. "మళ్ళీ సెప్పు" అంది. "వదినా అన్నాడా? మొదట్నుంచి సెప్పు."

మొదటి నుంచి చెప్పాను.